పాపం అనకండి, పుణ్యముంటుంది!

మొన్న మాఘమాసంలో నరసరావుపేటలో మా దగ్గర బంధువుల ఇంట పెళ్ళి జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున గనక రాత్రి భోజనాల దగ్గరే అసలు సందడంతా. బఫే కాదండోయ్, అరిటాకులు వేసి కూర్చోబెట్టి వడ్డించిన బంతి భోజనాలు! నా కుడిపక్కన మా తమ్ముడి కూతురు, ఎడమపక్కన వరసకి పిన్నిగారు, ఎదురుబంతిలో మగపెళ్ళివారి ఆడవాళ్ళు. గోంగూర వడ్డించేవాడు అటు వెళ్ళి గుత్తివంకాయవాడు ఇటు వచ్చేలోగా ఎదురుబంతిలో ఒకావిడ మా మేనకోడల్ని గుర్తుపట్టేసింది.

"ఏమ్మాయ్, నువ్వు ఆ సినిమాలో అమ్మ చచ్చిపోతే ఏడ్చిన పిల్లవి కాదూ?"

అవునన్నట్టు తలూపింది మా పిల్ల.

"ఓయబ్బో, ఎంతగా ఏడ్చావమ్మా! మేం చూళ్ళేకపోయాం అనుకో. ఏదీ, ఒక్కసారి అట్టా ఏడ్చి చూపించు!"

పెళ్ళింట్లో, ఆకు ముందు కూర్చున్న పిల్లని ఏడ్చి చూపించమనడం! ఇంకెవరైనా ఏడిస్తే అశుభమని నోరు నొక్కేవాళ్ళమే గదా! మా పిల్ల నవ్వి ఊరుకుంది. ఆవిడ ఊరుకోలేదు.

"ఇప్పుడేం సినిమాలు చేస్తున్నావేంది?"

"చెయ్యడం లేదండీ. ఇంటర్ చదువుతున్నాను, బైపీసీ."

"అయ్యో, పాపం!" అంది ఆవిడ. పక్కావిడ కూడా "పాపం" అంది. ఆ పక్కావిడకి సంగతేమిటో తెలియకపోయినా తనూ ఒక "పాపం" వేసింది. మా పిల్ల ఆకు మడిచి, పరమాన్నం రాకుండానే లేచి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ అంటే పెళ్ళి పాడవుతుందని నోరు మూసుకున్నాను. ఇక్కడ నోరు మూసుకోవాల్సిన పని లేదు గనక అనేస్తున్నాను.

అసలు ఎందుకండీ పాపం? పక్కింటి పిల్ల బైపీసీ చదువుతోందంటే "భేష్! డాక్టరవుతావా?" అని భుజం తడతాం. అదే చదువు, అదే కాలేజీ, అదే తెల్లవారుజాము బస్సు. కానీ ఎనిమిదేళ్ళ వయసులో ఒకసారి తెర మీద కనబడిన పాపానికి ఈ పిల్ల చదువు మన కళ్ళకి దిగజారుడుగా కనిపిస్తుంది. పైకెళ్ళాల్సిన పిల్ల కిందకొచ్చిందన్నట్టు జాలి పడతాం. చదువుకోవడం ఎప్పటినుంచండీ కిందకి రావడం అయింది?

నేను ఆరో క్లాసు చదివేటప్పుడు, 1992లో, విశ్వనాథ్‌గారి "స్వాతి కిరణం" వచ్చింది. మా అమ్మా, పెద్దమ్మా నన్ను మొదటాటకి తీసుకెళ్ళారు. కథ మీకందరికీ తెలిసిందే. గంగాధరం అనే పిల్లాడికి ఆ చిన్న వయసులోనే అపారమైన సంగీతం అబ్బింది. మహా విద్వాంసుడైన గురువు అది చూసి ఓర్చుకోలేకపోయాడు. ఆ అసూయ తెలిసి పిల్లాడు ప్రాణమే తీసుకున్నాడు. హాలు హాలంతా ఏడుపే. మా పెద్దమ్మ కొంగు తడిసిపోతే మా అమ్మ కొంగు అరువు తీసుకుంది.

ఆ గంగాధరం వేషం వేసిన మాస్టర్ మంజునాథ్ కన్నడ పిల్లాడు. శంకర్‌నాగ్ తీసిన "మాల్గుడి డేస్"లో స్వామిగా అప్పటికే దేశమంతా ఎరిగిన మొహం. మన సినిమాలో అతనికి పాడింది వాణీ జయరాంగారు. ఆవిడకి జాతీయ అవార్డు కూడా తెచ్చింది ఆ సినిమా. సరే, ఆ పిల్లాడు పెద్దవాడయ్యాడు, నటన మానేశాడు, బెంగుళూరులో అందరిలాగే వుద్యోగం చూసుకున్నాడు.

ఈ మాట నేను చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళ నోట వచ్చే మాట ఒక్కటే. "అయ్యో, అంత మంచి నటుడు, పాపం!"

కాస్త నిదానంగా ఆలోచించండి. సినిమాలో గంగాధరాన్ని పిల్లాడుగా ఎవరూ చూడలేదు, ప్రతిభగానే చూశారు. అందుకే వాడు బతకలేదు. వాడు చచ్చిపోతే మనం ఏడ్చాం, చప్పట్లు కొట్టాం, గొప్ప సినిమా అన్నాం. అదే వేషం వేసిన పిల్లాడు బయట హాయిగా బతికి, పెరిగి, తన కాళ్ళ మీద తను నిలబడితే మాత్రం జాలి పడుతున్నాం! పెద్దల అత్యాశకి పసివాణ్ణి బలి చెయ్యకండని ఆ సినిమా రెండుగంటలసేపు మొత్తుకుంటే, హాల్లోంచి బయటికొచ్చి మనం చేసింది ఏమిటి? "ఇంకా పాడవేం? ఇంకా ఏడవవేం?" అని ఆ పిల్లాడి వెంటబడడం. ఆ గురువుగారిది అసూయ, మనది అభిమానం. మాట వేరే గాని పిల్లాడి మెడ మీద బరువు ఒక్కటే.

ఇంకాస్త వెనక్కి వెళదాం. మా అమ్మమ్మది మాచర్ల దగ్గర పల్లె. 1963లో "లవకుశ" వస్తే బండి కట్టించుకుని, అన్నం మూట కట్టుకుని వెళ్ళి చూసిందట. ఆ యేడు ఇంట్లో పుట్టిన రెండు కోడెదూడలకి లవుడూ, కుశుడూ అని పేర్లు పెట్టింది. ఆ దూడల కబుర్లు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మరి ఆ వేషాలు వేసిన పిల్లల పేర్లేమిటని అడగండి, ఒక్కరూ చెప్పలేరు! నాగరాజు, సుబ్రహ్మణ్యం అని నేనే వెతుక్కుని తెలుసుకోవలసి వచ్చింది. పాటలా? అవి లీల, సుశీల గార్ల గొంతులు. ఊరూరా మారుమోగిన ఆ పాటల్లో ఆ పిల్లల గొంతులే లేవు!

ఆ సినిమా 1958లో మొదలై, డబ్బుల్లేక మధ్యలో ఆగి, మళ్ళీ లేచి, పూర్తయ్యేసరికి ఐదేళ్ళు పట్టింది. పుల్లయ్యగారు మొదలుపెడితే ఆయన కొడుకు సి.యస్. రావుగారు పూర్తిచేశారు. ఐదేళ్ళలో మగపిల్లాడు ఎంత ఎదుగుతాడో తల్లులకి నేను చెప్పాలా? సినిమా ఆగుతుంది గాని పిల్లాడి నిక్కరు ఆగుతుందా? కానీ మన మనసుల్లో మాత్రం ఆ ఇద్దరూ వాల్మీకి ఆశ్రమంలోనే వుండిపోవాలి. మీసాలు రాకూడదు, పెళ్ళి చేసుకోకూడదు, రేషను షాపు దగ్గర నిలబడకూడదు. నిలబడితే "లవకుశ పిల్లాడు చూడండి, ఎట్టా అయిపోయాడో!" అంటాం. ఎట్టా అవుతాడమ్మా? పెద్దవాడవుతాడు. మీరూ నేనూ అవలేదూ?

ఆడపిల్లల సంగతి మరీ విచిత్రం. రావు బాలసరస్వతీదేవిగారు 1936లో "సతీ అనసూయ"లో చిన్నపిల్లగా నటించారు. తరవాత పాట వైపు వెళ్ళారు. రేడియోలో లలితసంగీతం అనగానే మొదట తలుచుకునే పేరు ఆవిడది. 2025 అక్టోబరులో, తొంభయ్యేడేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆవిడ బాలనటిగానే మిగిలిపోయి వుంటే మనకా పాట దక్కేదా? ఒక పని వదిలితేనే ఇంకో పని చేతికొస్తుంది. రెండు చేతుల్లోనూ పాత చెంబులే పట్టుకుని వుంటే కొత్త బిందె ఎత్తుకునేదెట్టా?

బేబీ షామిలిని తీసుకోండి. 1990లో "అంజలి"లో ఆ పసిపిల్లని చూసి కరగని తల్లి లేదు. 2009లో "ఓయ్!"లో కథానాయికగా వస్తే మనలో ఎంతమందిమి సినిమా చూశామో గాని, అందరం ఆ చంటిపాప మొహం కోసమే వెతికాం! తరవాత ఆవిడ బొమ్మలు వెయ్యడం మీద మనసు పెట్టింది. చక్కగా వేస్తుంది. కానీ ఆ బొమ్మల ముందు నిలబడి కూడా "అంజలి పాపే కదూ!" అనేవాళ్ళం మనం.

దేశాలు దాటినా ఇదే తంతు. హాలీవుడ్‌లో షర్లీ టెంపుల్ అనే ఉంగరాల జుట్టు పాప లోకాన్నంతా ఊపేసింది. ఇరవైరెండేళ్ళకే, 1950లో, సినిమాలు మానేసింది. 1974లో ఘనా దేశానికి, 1989లో చెకోస్లొవేకియాకి అమెరికా రాయబారిగా వెళ్ళింది. రాయబారి అయినావిడని పట్టుకుని ఆ చిన్నప్పటి డాన్సు చెయ్యమని ఎవరైనా అడిగితే ఎంత అసహ్యంగా వుంటుంది! మరి మా పిల్లని ఏడవమనడం అసహ్యంగా ఎందుకు లేదు? రాయబారికున్న మర్యాద బైపీసీ పిల్లకి లేదా?

ఇక్కడ మీలో కొందరు అడ్డుపడతారు, నాకు తెలుసు. "అందరూ రాయబారులవుతారా? చిన్నప్పుడు వెలిగి, పెద్దయ్యాక తిండికి లేక అవస్థపడ్డవాళ్ళు లేరా? వాళ్ళ మీద జాలిపడితే తప్పా?" అంటారు.

ఎందుకు లేరూ, వున్నారు. కానీ వాళ్ళకి కావలసింది మన జాలి కాదు. వాళ్ళు సంపాదించిన డబ్బు వాళ్ళకి కావాలి. 1921లో చార్లీ చాప్లిన్ "ది కిడ్"లో నటించిన జాకీ కూగన్ లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దవాడై లెక్క అడిగితే తల్లీ, మారుతండ్రీ అప్పటికే అంతా ఖర్చుపెట్టేశారు. 1938లో కన్నతల్లి మీద కోర్టుకెక్కాల్సివచ్చింది. లక్షా ఇరవైఆరు వేల డాలర్లు మాత్రం చేతికొచ్చాయి. ఆ గొడవ చూసే 1939లో కాలిఫోర్నియాలో పిల్లనటుల సంపాదన కాపాడే చట్టం చేశారు.

మనకీ వుందండీ చట్టం! బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నిబంధనలు పెట్టారు. సినిమాల్లో పిల్లల చేత రోజుకి ఐదు గంటలు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా ఇరవైఏడు రోజులు మించకూడదు. బడి చెడకూడదు. జిల్లా కలెక్టరు అనుమతి వుండాలి. పిల్ల సంపాదనలో కనీసం నూటికి ఇరవై రూపాయలు పిల్ల పేరనే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, మేజరయ్యాక ఇవ్వాలి. ఇది మనలో ఎంతమంది తల్లులకి తెలుసు? టీవీ డాన్సు పోటీలకి పిల్లని హైదరాబాదు బస్సెక్కించే తల్లులు లిప్‌స్టిక్ ఏ రంగుదో అడుగుతారు గాని ఈ డిపాజిట్ సంగతి అడుగుతారా?

ఊరివాళ్ళని అనడమెందుకు, మా ఇంటి సంగతే చెబుతాను. మా మేనకోడలు ఏడేళ్ళప్పుడు కోటప్పకొండ తిరనాళ్ళలో ఒక ప్రభ దగ్గర కట్టిన స్టేజీ మీద డాన్సు చేసింది. ఎవరో చూశారు, ఇంకెవరికో చెప్పారు, మరుసటేడు రెండు సినిమాల్లో వేసింది. ఆ డబ్బుతో మా తమ్ముడు ఇంటి మీద స్లాబు పోయించాడు. "పిల్ల పేరున బ్యాంకులో ఏమన్నా వేశావట్రా?" అని ఈమధ్య అడిగాను. వాడు స్లాబు వైపు చూశాడు. మా మరదలు నేల వైపు చూసింది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. కూతురంటే ప్రాణం. కానీ ప్రాణం వేరు, పాస్‌బుక్కు వేరు.

మరి నేనేం తక్కువ తిన్నాను? ఆ రోజుల్లో నా నవల ఆవిష్కరణ సభకి ఆ పిల్లని ముందువరసలో కూర్చోబెట్టి "మా మేనకోడలు, సినిమా నటి" అని అందరికీ పరిచయం చేశాను. ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళ ముందు "ఏదమ్మా, ఆ ఏడుపు సీను ఒకసారి చెయ్యి" అని అడిగినదాన్ని నేనే. చేసింది కూడా, పిచ్చిపిల్ల! అందరం చప్పట్లు కొట్టి, చేతిలో జంతిక పెట్టాం.

పెళ్ళినాటి రాత్రి ఆకు ముందు నుంచి లేచిపోయిన పిల్లని వెతుక్కుంటూ వెళితే విడిది ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని వుంది. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అంది.

"అత్తా, ఆ రోజు షూటింగులో నాకు ఏడుపు రాలేదు. గ్లిజరిన్ వేస్తే కళ్ళు మండి మూసుకున్నా. టైమైపోతోందని అందరూ కేకలు. అమ్మని వేరే గదిలో కూర్చోబెట్టి, మీ అమ్మకి బస్సు గుద్దిందంట, బతకదంట అని నాతో చెప్పారు. అప్పుడు ఏడ్చా. మీరంతా బాగుంది బాగుందంటారే, అది నటన కాదత్తా."

తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లని నేను ఎన్ని వందలసార్లు చూసివుంటాను! ఆ ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నవలలు రాసేదాన్నట నేను, మనసుల లోతులు తెలిసినదాన్నట! పాపం అనాల్సిన చోట ఒక్కరం అనలేదు చూడండి. ఎనిమిదేళ్ళ పిల్ల తల్లి చచ్చిపోయిందనుకుని గుండెలు బాదుకున్న రోజున పాపం. అప్పుడు చప్పట్లు కొట్టి, ఇప్పుడు పుస్తకాలు పట్టుకున్నాక పాపం అంటున్నాం!

మా పల్నాటిగడ్డకి ఈ జబ్బు కాస్త ఎక్కువేమో అనిపిస్తుంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారెంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతుంది. బాలచంద్రుడి కథ చెబుతుంటే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కంటతడి పెడతారు. నేనూ పెడతాను. వీరుణ్ణి తప్పుపట్టేంతదాన్ని కాను. కానీ ఒక్కటి మాత్రం చెప్పాలి. బొంగరాలాడుకునే వయసులో యుద్ధానికి పోయి తిరిగిరాని బాలుణ్ణి ఎనిమిది వందల ఏళ్ళకి పైగా గుండెల్లో పెట్టుకున్నాం. బాలచంద్రుడు తిరిగొచ్చి, మాంచాలతో కాపురం చేసి, పొలం దున్నుకుని, జుట్టు నెరిసి, మనవల్ని ఎత్తుకుని వుంటే ఏమనేవాళ్ళం? "పాపం, అంతటివాడు ఎట్టా అయిపోయాడో!" అనేవాళ్ళం కామూ? పిల్లలు మన కళ్ళ ముందు పెద్దవాళ్ళయితే మనకి కథ దొరకదు. అదీ మన బాధ. మన కథల కోసం పిల్లలు పిల్లలుగానే వుండిపోవాలా?

మా పిల్ల బైపీసీ ఎందుకు తీసుకుందో కూడా చెప్పనివ్వండి. 2021-22లో మా తమ్ముడు మూడెకరాల్లో మిరప వేశాడు. మీలో మిరప వేసినవాళ్ళుంటే ఆ యేడు మర్చిపోయి వుండరు. నల్ల తామర పురుగు పూతలో దూరి పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. సినిమా డబ్బుతో పోసిన ఆ స్లాబు కిందే కూర్చుని మా తమ్ముడు అప్పుల లెక్కలు వేసుకుంటుంటే ఈ పిల్ల పూతలో పురుగుల్ని అగ్గిపెట్టెలో వేసుకుని వాళ్ళ సైన్సు మేష్టారి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఇప్పుడు ఎంట్రన్సు రాసి గుంటూరు లాంలో వున్న రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి బీయస్సీలో చేరాలని దాని పట్టుదల. "ఆ పురుగు ఎందుకు చావదో నేను చూడాలత్తా" అంటుంది. కళ్ళల్లో ఆ వెలుగు ఏ కెమేరా ముందూ నేను చూడలేదు.

అలాగని సినిమాలో వెయ్యడమే తప్పనడం లేదు నేను. వేసినవాళ్ళు అందరూ మానెయ్యాలనీ అనడం లేదు. ఇష్టమైనవాళ్ళు వుంటారు, పెద్ద నటులవుతారు, చూసి సంతోషిద్దాం. "సాగర సంగమం"లో కమలహాసన్‌ని వంకరటింకరగా ఫొటోలు తీసి నవ్వించిన కుర్రాడు చక్రి తోలేటి కెమేరా ముందు నుంచి వెనక్కి జరిగి తనే దర్శకుడయ్యాడు, ఆ కమలహాసన్‌నే పెట్టి సినిమా తీశాడు. అదీ బాగుంది. వుండడమైనా, జరగడమైనా, పూర్తిగా వదిలెయ్యడమైనా తేల్చుకోవలసింది ఆ పిల్లలు. ఎదురుబంతిలో కూర్చున్న మనం కాదు.

అంచేత అమ్మలూ, అక్కలూ, వదినగార్లూ, మీకో మనవి. ఈసారి ఏ పెళ్ళిలోనో, రైల్లోనో అలాంటి పిల్లో పిల్లాడో కనబడితే, గుర్తుపట్టామని సంతోషంగా చెప్పండి. తప్పులేదు. తరవాత "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. టీచరన్నా, బ్యాంకులో వుద్యోగమన్నా, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్నానన్నా, మిరపతోటలో పురుగుల్ని చూస్తున్నానన్నా, "అలాగా! చాలా సంతోషం" అనండి. అంతే. పెదవి విరవకండి. పాపం అనకండి, మీకు పుణ్యముంటుంది.

అన్నట్టు వచ్చేనెల మా ఇంట్లో పేరంటం వుంది. మా మేనకోడలు కూడా వస్తోంది. చుట్టాలందరికీ ముందే కబురు పెట్టాను. ఆ పిల్లని ఏడ్చి చూపించమని ఎవరైనా అడిగితే నేనే వాళ్ళ పక్కన కూర్చుని ఏడ్చి చూపిస్తాను. నా ఏడుపు చూడడం అంత తేలిక కాదని మా వారిని అడిగితే చెబుతారు!